చిన్న గదికి స్పీకర్లు: వాట్ల కన్నా ముందు గోడలు చూడాలి

పది అడుగుల గది. అందులో ఒక మంచం, ఒక బల్ల, ఒక అలమర. బల్ల ముందు కూర్చుంటే చెవికీ స్పీకరుకూ మధ్య దూరం మీటరు లోపే. విద్యార్థి స్పీకర్లు కొనేది ఇలాంటి చోటుకే. అట్టపెట్టె మీద మాత్రం అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది వాట్ల అంకె. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఆ అంకెను నమ్ముకుంటే, గదికి పనికిరాని శక్తికి డబ్బు పోసి, వినడానికి కావలసిన నాణ్యతను వదులుకున్నట్టవుతుంది.

ముందు ఆ వాట్ల సంగతి తేల్చుకుందాం. ప్రతి స్పీకరుకూ సెన్సిటివిటీ అని ఒక కొలత ఉంటుంది. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో అది చెబుతుంది. చిన్న డబ్బా స్పీకర్లకు ఇది మామూలుగా 83 నుంచి 87 దాకా ఉంటుంది. 84 అనుకుందాం. చదువుకుంటూ పెట్టుకునే పాట సగటున 65, 70 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. కాస్త గట్టిగా పెడితే 75. ఒక వాట్‌కు 84 వచ్చే స్పీకరు 75 దగ్గర మోగాలంటే దానికి కావలసింది వాట్‌లో ఎనిమిదో వంతు. డప్పు దెబ్బలాంటి చోట్ల శబ్దం సగటు కన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి ఎగుస్తుంది. ఆ క్షణానికి 4 నుంచి 13 వాట్లు కావాలి. దాన్ని రెండు స్పీకర్లు పంచుకుంటాయి. అంటే ఒక్కోదానికి నిజమైన 10, 15 వాట్లు ఉంటే ఈ గదిలో ఇంకా మిగులే.

'నిజమైన' అన్న మాట ఎందుకంటే, పీఎంపీవో (ఒక్క క్షణపు గరిష్ఠ శక్తి) అని రాసే అంకెకు కొలత పద్ధతి అంటూ ఏదీ లేదు. అమ్మేవాళ్లు ఎంత కావాలంటే అంత రాసుకోవచ్చు. చూడాల్సింది ఆర్ఎంఎస్ అంకె, అంటే నిలకడగా ఇవ్వగల శక్తి. దానిమీదా అనుమానం ఉంటే అడాప్టర్ తిప్పి వెనక చూడండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే లోపలికి వెళ్లేది 24 వాట్లు. యాంప్లిఫైయర్ వేడి రూపంలో కొంత పోగొట్టుకున్నాక రెండు పక్కలకూ కలిపి 20కి అటూ ఇటూ మిగులుతుంది. కెపాసిటర్లలో దాచుకున్న శక్తితో ఒక్క క్షణం అంతకు మించి ఇవ్వగలదు కానీ, నిలకడగా 60 వాట్లు ఇవ్వడం దాని వల్ల కాదు. కంప్యూటర్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే స్పీకర్ల లెక్క ఇంకా తేలిక. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. 3.0 అయితే నాలుగున్నర. డబ్బా మీద ఏం రాసినా సరే. మాటలు, పాఠాలు వినడానికి అది చాలు. పాటలో బాస్ (కింది స్వరాలు) గట్టిగా వచ్చే చోట మాత్రం గరగరమంటుంది.

ఇంకో మాట కూడా గుర్తుంటే మేలు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. 20 వాట్ల జతకూ 40 వాట్ల జతకూ మధ్య ధరలో తేడా ఎంతున్నా, వినికిడిలో తేడా కొంచెమే.

ఇక గది. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు అసలు పని ఇక్కడే ఉంది.

శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాలు) బాస్ స్వరం ఒక్క అల దాదాపు 7 మీటర్ల పొడవు. మీ గది దానిలో సగం. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెండింతలు చేసి, 343ని దానితో భాగించండి. ఆ గోడల మధ్య చిక్కుకుని మోగే మొట్టమొదటి స్వరం వస్తుంది. మూడున్నర మీటర్ల పొడవుకు 49 హెర్ట్జ్, మూడు మీటర్ల వెడల్పుకు 57, పైకప్పు 2.7 మీటర్ల ఎత్తుంటే 64. మూడూ పక్కపక్కనే. పాటల్లో కిక్ డ్రమ్, బేస్ గిటార్ కింది తీగ వినిపించేదీ ఆ చుట్టుపక్కలే. అందుకే బేస్ గిటార్ నాలుగు స్వరాలు వాయిస్తే ఒకటి మాత్రం గదంతా బుయ్యిమని ఊదినట్టు వస్తుంది, దాని పక్క స్వరం ఉందో లేదో తెలియదు. గది నలుచదరంగా ఉంటే మరీ కష్టం. రెండు జతల గోడలూ ఒకే స్వరాన్ని పట్టుకుని ఊపుతాయి.

దీన్ని స్వయంగా చూడొచ్చు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి దించుకుని, ఏదైనా స్పీకరుకు కలిపి, ఆ లెక్కలో వచ్చిన స్వరాన్ని సన్నగా మోగించండి. గదిలో మెల్లగా నడవండి. గోడ దగ్గర గుండెల్లో తగులుతున్న శబ్దం గది నడిమధ్యకు వచ్చేసరికి దాదాపు మాయమవుతుంది. స్పీకరులో ఏమీ మారలేదు, మీరు నిలబడ్డ చోటు మారిందంతే. కుర్చీని గది నడిమధ్య నుంచి రెండడుగులు జరిపితే, కొత్త స్పీకరు కొన్నంత మార్పు పైసా ఖర్చు లేకుండా వస్తుంది.

కింద బాస్ కోసమే ఒక సబ్‌వూఫర్, పైన రెండు చిన్న డబ్బాలు ఉండే 2.1 సెట్లు ఈ గదుల్లో ఎందుకు నిరాశపరుస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది. సబ్‌వూఫర్ ఊదేది సరిగ్గా గది ఊదే స్వరాలనే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. చవక సెట్లలో పైడబ్బాల్లో ఉండేది రెండు, రెండున్నర అంగుళాల కోన్ (ముందూ వెనకా కదిలి శబ్దం పుట్టించే గరాటు). 150, 200 హెర్ట్జ్ కిందికి అది దిగలేదు. ఆ పనంతా సబ్‌వూఫరే మోయాలి. మగవాళ్ల గొంతు మూలస్వరం చాలావరకు ఆ గీతకు కిందే ఉంటుంది. దాంతో పాడేవాడి గొంతులో సగం బల్ల మీద నుంచి, సగం బల్ల కింద కాళ్ల దగ్గర నుంచి వస్తుంది. ఆ రెండూ కలిసే చోట తరచుగా ఒక గొయ్యి మిగిలిపోతుంది. గొంతులో నిండుదనం పోయి, కింద గుబగుబ, పైన చిటచిట మిగులుతాయి. అదే డబ్బును రెండే డబ్బాల మీద పెడితే ఒక్కో డబ్బాకూ మెరుగైన కోన్ వస్తుంది. బాస్ కింది వరకూ దిగకపోయినా, దిగినంత మేర శుభ్రంగా ఉంటుంది. పక్క గదివాళ్లతో గొడవా తగ్గుతుంది. గోడ దాటి పోయేది ముఖ్యంగా బాసే, ట్రెబుల్‌ను, అంటే పై స్వరాలను, గోడ చాలావరకు ఆపేస్తుంది.

కాబట్టి వెతకాల్సింది ఇది: లోపలే యాంప్లిఫైయర్ ఉన్న రెండు డబ్బాల జత. ఒక్కోదానిలో 3 నుంచి 4 అంగుళాల వూఫర్ (కింది స్వరాల కోన్), దాని పైన పై స్వరాలకు వేరే ట్వీటర్. 3 అంగుళాల వూఫర్ 80, 90 హెర్ట్జ్ దాకా, 4 అంగుళాలది 60, 70 దాకా పనికొచ్చేంతగా దిగుతుంది. 5 అంగుళాలు దాటితే డబ్బా బల్లను ఆక్రమిస్తుంది, గది ఊదే స్వరాల్లోకీ దిగుతుంది. ఇంత చిన్న గదిలో అది లాభం కన్నా తలనొప్పే. ట్వీటర్ విడిగా ఎందుకంటే, ఒకే కోన్ అన్నీ పాడితే పై స్వరాలు టార్చిలైటులా సూటిగా ముందుకే పోతాయి. కుర్చీలో ఓ పక్కకు ఒరిగితే తాళాల మెరుపు పోతుంది. ట్వీటర్ చుట్టూ నున్నటి గుంట ఉన్న మోడల్ దొరికితే ఇంకా మంచిది. పై స్వరాలను పక్కలకు సమంగా పంచేది ఆ గుంటే. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ ఏది మోగుతోందో కనబడకుండా తెర వెనక స్పీకర్లు పెట్టి వినిపించిన పరీక్షల్లో ఎక్కువమంది మెచ్చినవి ఇలాంటివే: ఎదురుగా ఎగుడుదిగుళ్లు లేకుండా, పక్కలకు పోయేకొద్దీ మెల్లగా, సమంగా తగ్గేవి.

అట్టపెట్టె మీద '20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్' అని మాత్రమే ఉంటే దానికి అర్థం లేదు. పక్కన 'ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్' అని హద్దు రాస్తేనే అది లెక్క. అప్పుడు 70 హెర్ట్జ్ అని నిజాయితీగా రాసిన జత, హద్దు లేకుండా 40 అని రాసిన జత కన్నా మేలు. డబ్బాకు గాలి పోయే గొట్టం రంధ్రం ఉంటే ఆ రంధ్రం ఎక్కడుందో చూడండి. వెనక ఉంటే గోడకు ఆనించకూడదు, అరచేయి వెడల్పు ఖాళీ వదలాలి. ముందు ఉంటే ఆ బెంగ లేదు. గొట్టం వల్ల కొంత లోతు వస్తుంది కానీ, దాని హద్దు దాటాక బాస్ నిట్టనిలువుగా పడిపోతుంది. మూసిన డబ్బాలో అది మెల్లగా తగ్గుతుంది. గోడ దగ్గర పెట్టే స్పీకరుకు మూసిన డబ్బా బాగా నప్పుతుంది, ఎందుకంటే తగ్గిన బాస్‌ను గోడ కొంత తిరిగి ఇస్తుంది. గొట్టం ఉన్న జతే దొరికి, బాస్ మరీ ఎక్కువైతే ఆ రంధ్రంలో చుట్టిన మేజోడు దూర్చండి. ఇది చిట్కా వైద్యంలా వినిపించినా, కొన్ని కంపెనీలు ఇదే పనికి ఫోమ్ బిరడాలు డబ్బాతో పాటే ఇస్తాయి.

తెచ్చాక ఎక్కడ పెట్టాలి? స్పీకర్లను గోడకు వీలైనంత దూరంగా జరపాలన్న మాట తరచూ వినిపిస్తుంది. పెద్ద హాల్లో అది నిజం. చిన్న గదిలో తిరగబడుతుంది. బాస్ స్పీకరు ముందుకే పోదు, అన్ని వైపులా పోతుంది. వెనక గోడకు తగిలి వచ్చిన అల, నేరుగా వచ్చిన అలను ఒక స్వరం దగ్గర కొట్టేస్తుంది. ఆ స్వరం ఎంతంటే 343ని, గోడ నుంచి స్పీకరు ముందు మొహం దాకా ఉన్న దూరానికి నాలుగింతలతో భాగించాలి. మొహం గోడకు మీటరు దూరంలో ఉంటే 86 హెర్ట్జ్, 60 సెంటీమీటర్లయితే 143. రెండూ బాస్ గుండెకాయలోనే. 25 సెంటీమీటర్లకు తెస్తే 343 హెర్ట్జ్. అక్కడ స్పీకరు వెనక్కి పంపే శబ్దం తగ్గడం మొదలవుతుంది కాబట్టి గొయ్యి లోతు తగ్గుతుంది. అంటే గోడకు దగ్గరగా పెట్టి, పెరిగిన బాస్‌ను స్పీకరు వెనక ఉన్న బాస్ మీటతో తగ్గించుకోవడమే చిన్న గదికి తగిన దారి. మధ్యలో, రెండు మూడడుగుల దూరంలో వేలాడదీస్తే రెంటికీ చెడుతుంది. మూలకు మాత్రం తోయవద్దు. మూలలో రెండు గోడలూ బల్లా కలిసి బాస్‌ను మరీ ఉబ్బిస్తాయి. ఒక స్పీకరు మూలలో, రెండోది తెరిపిన ఉంటే పాట ఒక పక్కకు ఒరుగుతుంది.

రెండు స్పీకర్లూ, మీ తలా సమబాహు త్రిభుజంలా కుదరాలి. వాటి మధ్య 80 సెంటీమీటర్లుంటే ఒక్కోటి మీకూ అంతే దూరంలో. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. మానిటర్ ఎత్తి పెట్టడానికి నానా తంటాలు పడే వాళ్లు కూడా స్పీకర్లను బల్ల మీద పడుకోబెట్టినట్టు వదిలేస్తారు. బల్ల పైభాగం శబ్దానికి అద్దంలాంటిది. వూఫర్ బల్లకు 20 సెంటీమీటర్ల ఎత్తులో, మీ చెవి 40 సెంటీమీటర్ల ఎత్తులో, అడ్డంగా దూరం 75 సెంటీమీటర్లు ఉందనుకోండి. బల్లకు తగిలి వచ్చే శబ్దం నేరుగా వచ్చేదాని కన్నా 18 సెంటీమీటర్లు ఎక్కువ నడుస్తుంది. దాంతో 930 హెర్ట్జ్ చుట్టుపక్కల కోత పడుతుంది. అది మాట స్పష్టత ఉండే చోటు. పాఠం వింటుంటే గొంతు డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటే స్పీకరును తిట్టే ముందు బల్లను చూడండి. స్పీకర్లను బల్ల ముందంచు వరకు జరిపితే మధ్యలో పరావర్తనం చేసే చెక్క తగ్గుతుంది. కింద లావు పుస్తకాలు పెట్టి ఎత్తి, కొంచెం పైకి వంచితే ట్వీటర్ మీ మొహం చూస్తుంది. పుస్తకాలకూ స్పీకరుకూ మధ్య మౌస్ ప్యాడ్ ముక్క వేస్తే బల్ల వణకడమూ, పెన్నులు చిర్రుమనడమూ పోతాయి.

గోడలకు అంటించే పల్చటి ఫోమ్ పలకల జోలికి పోనవసరం లేదు. అంగుళం మందం ఫోమ్ పై స్వరాలనే పీలుస్తుంది. బాస్‌కు అది లేనట్టే. బయటికి శబ్దం పోకుండా అసలే ఆపదు. పరుపు, మందపాటి తెరలు, తగిలించిన బట్టలు, పుస్తకాల అర ఆ పాటి పని ఇప్పటికే చేస్తుంటాయి.

వైరా, బ్లూటూతా అన్న చర్చ ఇక్కడ అంత పెద్దది కాదు. ఈ ధరలో స్పీకరు లోపాలు బ్లూటూత్ లోపాల కన్నా చాలా పెద్దవి. బ్లూటూత్‌తో వచ్చే అసలు ఇబ్బంది ఆలస్యం. శబ్దం సెకనులో ఐదో వంతు దాకా వెనకబడొచ్చు. వీడియో యాప్‌లు బొమ్మను ఆపి సరిచేసుకుంటాయి కానీ ఆటల్లో, కీబోర్డు వాయించేటప్పుడు అది కుదరదు. కాబట్టి వైరు పెట్టుకునే రంధ్రం కూడా ఉన్న జతే తీసుకోండి. చేత్తో పట్టుకుపోయే ఒంటి డబ్బా బ్లూటూత్ స్పీకరు దగ్గర స్టీరియో ఆశించకూడదు. దాని లోపలి చిప్ తక్కువ శబ్దంలో బాస్ పెంచి, గట్టిగా పెడితే కోన్ చిరగకుండా దాన్నే కోసేస్తుంది. చప్పుడు పెంచేకొద్దీ పాట పల్చబడేది అందుకే.

వైరు పెట్టాక వచ్చే పెద్ద ఫిర్యాదు 'జుయ్' శబ్దం. దాన్ని కనిపెట్టడం కష్టం కాదు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకండి. శబ్దం ఆగిపోతే అది గ్రౌండ్ లూప్: చార్జర్ ఎర్తుకూ స్పీకర్ ఎర్తుకూ మధ్య ఆడియో వైరు మీదుగా కరెంటు తిరుగుతోంది. రెండింటినీ ఒకే పలక సాకెట్‌కు తగిలిస్తే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండే ఐసొలేటర్ పెట్టాలి. మరీ చవకది కొంటే కింది బాస్ తినేస్తుంది. కంప్యూటర్‌లోనూ స్పీకరులోనూ ఆప్టికల్ పోర్టు ఉంటే సమస్య మూలం నుంచే పోతుంది, ఆ తీగలో పారేది వెలుగు, కరెంటు కాదు. ఎర్తు పిన్ను విరగ్గొట్టడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. అది ప్రాణం కాపాడే పిన్ను. చార్జర్ పీకినా పోకుండా మౌస్ కదిపినప్పుడల్లా కిచకిచమంటే అది కంప్యూటర్ లోపలి రొద. విడిగా చిన్న యూఎస్‌బీ డీఏసీ (కంప్యూటర్ అంకెలను బయటే ఆడియో సంకేతంగా మార్చే పరికరం) పెడితే చాలావరకు పోతుంది. ఏమీ మోగనప్పుడు ట్వీటర్ నుంచి సన్నగా 'స్స్' వస్తుంటే అది యాంప్‌దే. కంప్యూటర్ వాల్యూమ్ 90 దగ్గర పెట్టి స్పీకరు మీటను తగ్గించండి. చాలామంది దీనికి తిరగేసి పెట్టుకుంటారు.

కుదురుగా అమర్చాక కూడా ఒక స్వరం ఊదుతుంటే సాఫ్ట్‌వేర్‌తో కోయొచ్చు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో ఉచితం. టోన్‌ను 40 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ, మీ కుర్చీలోనే కూర్చుని, ఎక్కడ ఉబ్బుతుందో రాసుకోండి. అక్కడ సన్నటి కోత, 4 నుంచి 6 డెసిబెల్స్, అంతే. వినపడని గొయ్యిని పెంచి నింపాలని చూడకండి. గోడలు కొట్టేస్తున్న స్వరానికి ఎంత శక్తి పోసినా అది అక్కడే కొట్టుకుపోతుంది, మధ్యలో వూఫర్ అలిసిపోతుంది. రాత్రిళ్లు సన్నగా వినేవాళ్లు మాత్రం మొత్తంగా బాస్‌ను కొద్దిగా పెంచుకోవచ్చు. శబ్దం తగ్గేకొద్దీ చెవికి కింది స్వరాలు ముందుగా కనుమరుగవుతాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు.

ఇంత తక్కువ డబ్బులో మంచిది కావాలంటే పాత స్పీకర్లు వాడినవి కొనడం తెలివైన పనే, కాకపోతే చేత్తో తడిమి చూడాలి. వూఫర్ అంచు చుట్టూ ఉండే ఫోమ్ వయసు మీద పడితే పొడిపొడిగా రాలుతుంది. వేలితో తాకితే అంటుకుని వస్తే వదిలేయండి. రబ్బరు అంచయితే ఎక్కువ కాలం మన్నుతుంది. నాలుగు వేళ్లు కోన్ చుట్టూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. మెత్తగా వెళ్లి రావాలి. ఇసుక రాసినట్టు గీర వినిపిస్తే లోపల కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది, అది బాగుపడదు. వాల్యూమ్ తిప్పితే చిటపటమనడం మాత్రం చిన్న విషయం. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క కొట్టి మీటను ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే సాధారణంగా పోతుంది.

కొత్తవైనా పాతవైనా, రెండో డబ్బాకు ఎరుపు నలుపు తీగలు విడిగా బిగించే రకమైతే చివరగా ఒక పరీక్ష. ఒకరే మాట్లాడే రికార్డింగ్ పెట్టి, రెండు స్పీకర్ల సరిగ్గా మధ్యలో కూర్చోండి. గొంతు ఎక్కడుందో వేలు పెట్టి చూపలేక, తల చుట్టూ చెదిరినట్టు ఉండి, బాస్ కూడా పల్చగా ఉంటే ఒక పక్క ఎరుపు నలుపు తారుమారయ్యాయి. ఒక కోన్ ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతోంది. పవర్ ఆపి ఆ ఒక్క డబ్బా తీగలు మార్చి బిగించి, మళ్లీ అదే రికార్డింగ్ పెట్టండి. గొంతు మానిటర్ మధ్యలోకి వచ్చి నిలబడాలి.